ఎలుకకు నయమైంది, మరి మనకెప్పుడు?

రెండు నెలల కిందట ఇదే పేజీలో ఎవరో "జన్యువులు మార్చిన ఎలుక అంటే ఏంటి" అని అడిగారు. మనుషుల జబ్బుల్ని అర్థం చేసుకోవడానికి ఎలుక డీఎన్‌ఏలో కావాలని ఒక మార్పు చేసి పెంచుతారని నాలుగు ముక్కలు రాసి వదిలేశాను. నేను వదిలేశాను గానీ మీరు వదల్లేదు. అప్పట్నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగం ఎలుకల మీదే. కొన్నిట్లో కోపం, కొన్నిట్లో ఆశ, ఒకటి రెండు చదువుతుంటే గొంతు పట్టేసింది. పీహెచ్‌డీ చేసిన అయిదేళ్లూ ఈ ఎలుకల బోనుల మధ్యే తిరిగినవాణ్ణి కాబట్టి ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సర్, మా నాన్నగారికి అల్జీమర్స్ అని తేలి రెండేళ్లవుతోంది. ఏడాదికి రెండు మూడుసార్లయినా "ఎలుకల్లో మతిమరుపు మాయం" అని వార్త వస్తుంది. మా అన్నయ్య వెంటనే దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తాడు, అమ్మ నాకు ఫోన్ చేసి ఆ మందు ఎప్పుడొస్తుందో కనుక్కోమంటుంది. నేనేం చెప్పాలి?

జవాబు: ముందు ఒక సంగతి చెప్పాలమ్మా. ఎలుకకి అల్జీమర్స్ రాదు. ఎంత ముసలిదైనా రాదు. ఈ జబ్బులో మెదడులో మచ్చల్లా పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ముక్క ఎలుకలోనూ ఉంది కానీ, మనదానికీ దానిదానికీ మూడు అమైనో ఆమ్లాల తేడా ఉంది, అందుకని ఎలుకది అంత తేలిగ్గా ముద్దకట్టదు. మరి వార్తలోని ఆ ఎలుక ఎక్కడిది? చాలా అరుదుగా కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా చిన్న వయసులోనే అల్జీమర్స్ వస్తుంటుంది. ఆ కుటుంబాల్లో దొరికిన లోపంతో ఉన్న మనిషి జన్యువుని ఎలుకలో పెట్టి, ఆ ప్రోటీన్ కుప్పలుతెప్పలుగా తయారయ్యేలా చేస్తారు. 1995లో ఒకటి, 1996లో ఇంకోటి, ఇలాంటి ఎలుకలు తయారయ్యాయి. వాటి మెదడులో మచ్చలొచ్చాయి. నీళ్లతొట్టిలో వదిలితే, నీటి కింద కనబడకుండా పెట్టిన చిన్న దిమ్మె ఎక్కడుందో నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ మీ నాన్నగారి మెదడులో జరుగుతున్నది అంతే కాదు కదా, అక్కడ నరాల కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతుంటాయి, టౌ అనే ఇంకో ప్రోటీన్ ఉండలు చుట్టుకుపోతుంటుంది, ఆ తొలి ఎలుకల్లో ఈ రెండూ మనుషుల్లో కనబడినట్టు కనబడలేదు. అంటే వాటికి వచ్చింది సగం జబ్బు. "నయమైంది" అని పేపర్లో రాసేది ఆ సగం గురించే.

తర్వాతేమైందో కూడా చెబుతాను, ఎందుకంటే మీ అన్నయ్య పెట్టే వార్తల వెనక కథ అంతా ఇందులోనే ఉంది. 1999లో ఆ అమిలాయిడ్ ముక్కనే టీకాలాగా ఎలుకలకి ఇచ్చి చూశారు. చిన్నప్పుడే ఇస్తే మచ్చలు దాదాపు రానేలేదు, పెద్దయ్యాక ఇస్తే పెరగడం తగ్గింది. ఇంకేం, ప్రపంచమంతా పండగ. మనుషుల మీద ట్రయల్ మొదలుపెట్టారు. టీకా వేసిన దాదాపు 300 మందిలో 18 మందికి మెదడులో వాపు వచ్చింది, 2002లో ఆపేశారు. ఎలుకల్లో ఆ వాపు కనబడలేదు. అయినా ఆ ఆలోచన చావలేదు, టీకా బదులు తయారుచేసిన యాంటీబాడీలనే నేరుగా ఎక్కిద్దామని ఏళ్ల తరబడి ప్రయత్నించారు, ఒకదాని తర్వాత ఒకటి ఫెయిలయ్యాయి, చివరికి లెకానెమాబ్ అనే మందుకి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఎలుక నుంచి మనిషి దాకా 24 ఏళ్లు. అది కూడా జబ్బుని నయం చెయ్యదు, ట్రయల్లో 18 నెలల కాలానికి క్షీణతని 27 శాతం నెమ్మదింపజేసింది, అదీ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకి మాత్రమే, మెదడులో వాపు, రక్తం చిమ్మడం లాంటివి వస్తాయేమోనని మధ్యమధ్యలో స్కానింగులు తీస్తూ ఉండాలి.

అమ్మగారికి ఇలా చెప్పండి: అది ఎలుక వార్త, మందు వార్త కాదు. నాన్నగారి జబ్బు ఏ దశలో ఉందో, ఇప్పుడున్న మందుల్లో ఆయనకి సరిపోయేది ఏదైనా ఉందో లేదో చూస్తున్న న్యూరాలజిస్టుని అడగండి, అది వార్తలకన్నా పనికొచ్చే ప్రశ్న. అన్నయ్యని మాత్రం తిట్టకండి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు హెడ్డింగులు పెడుతున్నది ఆయన కాదు.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నా సర్. ఎలుక ఒంట్లో కోట్లాది కణాలుంటాయి కదా, అన్నిట్లోకీ కొత్త జన్యువుని ఎలా ఎక్కిస్తారు?

జవాబు: అన్నిట్లోకీ ఎక్కించరు తమ్ముడూ, ఎలుక ఇంకా ఒకే ఒక్క కణంగా ఉన్నప్పుడే పట్టుకుంటారు. అప్పుడే ఫలదీకరణ జరిగిన అండాన్ని మైక్రోస్కోప్ కింద గాజుగొట్టంతో మెల్లగా పీల్చి కదలకుండా పట్టుకుని, వెంట్రుకకన్నా సన్నటి సూదితో దాని కేంద్రకంలోకి డీఎన్‌ఏ వదిలి, ఆ అండాన్ని ఇంకో ఆడ ఎలుక కడుపులో పెడతారు. ఆ డీఎన్‌ఏ క్రోమోజోములో ఎక్కడో ఒకచోట అతుక్కుంటే, ఆ తర్వాత కణం ఎన్నిసార్లు విడిపోయినా కాపీ అవుతూనే ఉంటుంది. 1974లో రుడాల్ఫ్ యానిష్, బియాట్రిస్ మింట్జ్ ఎలుక పిండాల్లోకి వైరస్ డీఎన్‌ఏ ఎక్కించి, పుట్టి పెరిగిన ఎలుకల ఒంట్లో అది కనబడుతుందని చూపించారు. 1980, 81ల్లో కొన్ని ల్యాబులు సూది పద్ధతిని సాధించాయి, ఎక్కించిన జన్యువు పిల్లలకీ వస్తుందని తేలింది. 1982లో రిచర్డ్ పామిటర్, రాల్ఫ్ బ్రిన్‌స్టర్ బృందం ర్యాట్ అనే పెద్దరకం ఎలుక గ్రోత్ హార్మోన్ జన్యువుని చిట్టెలుకలో పెడితే అది తోబుట్టువులకన్నా దాదాపు రెండింతలు పెరిగింది. పక్కపక్కన కూర్చున్న ఆ రెండు ఎలుకల ఫొటో చూశాక చాలామందికి మొదటిసారి విషయం అర్థమైంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. జన్యువు ఎక్కడ అతుక్కుంటుందో, ఎన్ని కాపీలు అతుక్కుంటుందో మన చేతిలో ఉండదు. మనకి కావలసింది కొన్నిసార్లు కొత్తది పెట్టడం కాదు, ఉన్నదాన్నే సరిగ్గా ఆ చోట పాడుచెయ్యడం, దాన్నే నాకౌట్ అంటారు. దానికి దారి చూపినవాళ్లు ముగ్గురు: మార్టిన్ ఎవాన్స్ 1981లో ఎలుక పిండం నుంచి మూలకణాల్ని, అంటే ఒంట్లో ఏ కణంగానైనా మారగల కణాల్ని తీసి గిన్నెలో పెంచడం నేర్పాడు, మారియో కపెకీ, ఆలివర్ స్మితీస్ ఎవరికి వారుగా ఆ కణాల్లో కోరుకున్న జన్యువునే గురిచూసి మార్చడం నేర్పారు. 2007లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. కపెకీ ఇటలీలో పుట్టాడు, యుద్ధం రోజుల్లో తల్లికి దూరమై వీధుల్లో తిరిగిన పిల్లవాడు. తర్వాత అమెరికాలో ఈ ఆలోచనతో 1980లో గ్రాంటుకి అప్లై చేస్తే "ఇది జరిగే పని కాదు, వదిలెయ్" అన్నారు. వేరే పనికిచ్చిన డబ్బుని దీనికి మళ్లించి సాధించాడు, నాలుగేళ్ల తర్వాత అదే కమిటీ "మా మాట విననందుకు సంతోషం" అని రాసింది. ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా బోర్ కొట్టదు.

నువ్వు బైపీసీ కాబట్టి ఒక ముచ్చట. మార్చిన మూలకణాలు గోధుమరంగు జాతి ఎలుకవి, వాటిని నల్ల ఎలుక పిండంలో కలుపుతారు. పుట్టిన పిల్ల ఒంటి మీద నలుపూ గోధుమరంగూ మచ్చలు మచ్చలుగా ఉంటాయి. గోధుమరంగు ఎక్కువుంటే మన కణాలు బాగా కలిశాయని అర్థం. దాన్ని మళ్లీ నల్ల ఎలుకతో జతకట్టించి గోధుమరంగు పిల్ల పుడుతుందా అని ఎదురుచూస్తారు. పుడితే మన కణాలు తర్వాతి తరానికి చేరినట్టే, ఇక ఏ పిల్లలో మార్పుందో డీఎన్‌ఏ పరీక్షలో తేల్చుకోవాలి. ఒక్క నాకౌట్ ఎలుకకి ఏడాది, ఏడాదిన్నర పట్టేది. 2013 నుంచి క్రిస్పర్ అనే, డీఎన్‌ఏని కోరుకున్న చోటే కత్తిరించే సాధనం వచ్చాక నేరుగా అండంలోనే కత్తిరించేస్తున్నారు, కొన్ని నెలల్లో పనైపోతోంది. మా రోజుల్లో గోధుమరంగు పిల్ల పుట్టిందని ల్యాబులో స్వీట్లు పంచుకునేవాళ్లం, ఇప్పటివాళ్లకి ఆ టెన్షనూ లేదు, ఆ స్వీట్లూ లేవు.

ప్రశ్న: మనిషికి దగ్గర కోతి. మరి ఎలుకనే ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు?

జవాబు: త్వరగా పుడుతుంది, త్వరగా ఎదుగుతుంది, త్వరగా ముసలిదవుతుంది. గర్భం 3 వారాలు, 6 నుంచి 8 వారాలకి మళ్లీ పిల్లల్ని కనే వయసు, మొత్తం ఆయుష్షు రెండు మూడేళ్లు, బరువు ముప్పై గ్రాములకి కాస్త అటూ ఇటూ. కోతి ఈడుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, అదీ ఒక్కో కాన్పుకి ఒక్కటే పిల్ల. ఇక జన్యువుల లెక్కకి వస్తే, 2002లో ఎలుక జీనోమ్ మొత్తం చదివినప్పుడు ఎలుక జన్యువుల్లో నూటికి 99 వంతులకి మనిషిలో ఏదో ఒక పోలిక దొరికింది, సుమారు 80 వంతులకి నేరుగా ఒకటికి ఒకటి జోడీ ఉంది. పోలిక ఉండటం వేరు, పని ఒకటే కావడం వేరు, ఆ గొడవ కింది ప్రశ్నలో.

ప్రశ్న: మనిషిలో ఏ జన్యువు పోతే జబ్బు వస్తుందో, ఎలుకలోనూ అదే తీసేస్తే అదే జబ్బు రావాలి కదా? ఇందులో తిరకాసేముంది?

జవాబు: రావాలి. చాలాసార్లు రాదు. నన్నడిగితే ఈ రంగంలో నిజమైన మజా అంతా ఇక్కడే ఉంది.

లెష్ నైహాన్ అని ఒక ఘోరమైన జబ్బుంది, హెచ్‌పీఆర్‌టీ అనే ఒక్క ఎంజైమ్ లేక పిల్లలు తమ పెదాల్ని, వేళ్లని తామే కొరికేసుకుంటారు. 1987లో ఆ జన్యువు లేని ఎలుకల్ని తయారుచేస్తే అవి హాయిగా తిని తిరిగాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మనుషులకి ఊపిరితిత్తుల్లో చిక్కటి కళ్లె పేరుకుని ప్రాణం మీదకొస్తుంది, ఆ జన్యువు 1989లో దొరికింది, 1992లో ఎలుకలు వచ్చాయి, చూస్తే వాటి ఊపిరితిత్తులు దాదాపు బాగానే ఉన్నాయి, పేగులు మాత్రం అడ్డుపడిపోయి చాలావరకూ చిన్నప్పుడే చచ్చిపోయాయి. ఎలుక శ్వాసనాళాల్లో క్లోరైడుని బయటికి పంపడానికి ఇంకో దారి కూడా ఉండటం దీనికి ఒక కారణమంటారు. ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బుని చూడటానికి 2008లో పందుల్ని తయారుచేయాల్సి వచ్చింది. ఇంకోటి, చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్. ఆ జన్యువుకి ఉన్న రెండు కాపీల్లో ఒకటి పాడైన ఎలుకలకి కంట్లో రాలేదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వచ్చింది.

ఇదంతా కొండను తవ్వి ఎలుకను పట్టడమేనా అంటారేమో. కాదు. ఒకే జన్యువు పోతే నీకు కంట్లో, దానికి ఇంకెక్కడో ఎందుకొచ్చింది అన్న ప్రశ్న దొరికింది చూడండి, ఆ కణంలో దాని పని చెయ్యగలిగే బంధువు ఎవరో ఉన్నారన్నమాట, వాణ్ణి పట్టుకుంటే జబ్బు గుట్టు దొరుకుతుంది. మామూలు ఎలుకకి గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోదు, దాని కొలెస్ట్రాల్ అమరికే వేరు. 1992లో అపోఈ అనే జన్యువు తీసేస్తే పేరుకోవడం మొదలైంది. ఆ ఎలుకని తయారుచేసినవాళ్లలో ఒకరు నొబుయో మయేదా, పైన చెప్పిన స్మితీస్ భార్య. రక్తనాళాల గోడల్లో మంట ఎలా మొదలవుతుంది, తెల్ల రక్తకణాలు అక్కడికి ఎందుకు చేరతాయి అన్నదాని మీద ఇప్పటికీ ఎంతోమంది వాడుతున్న ఎలుక అది.

ఇంకో తిరకాసు, కొన్ని జన్యువులు తీసేస్తే ఎలుక పుట్టనే పుట్టదు. ఒక అంతర్జాతీయ బృందం 2016లో 1,751 జన్యువుల్ని ఒక్కొక్కటిగా తీసేసి చూసిన ఫలితాలు ప్రచురించింది, అందులో 410 లేకపోతే పిల్ల బతకలేదు. పుట్టని ఎలుకలో ముసలితనం జబ్బుని ఏం చూస్తాం? అందుకే క్రీ లాక్స్ అని ఒక ఏర్పాటు వాడతారు. బ్యాక్టీరియాని పట్టే వైరస్ నుంచి తెచ్చిన క్రీ అనే కత్తెర అది. కావలసిన జన్యువుకి రెండు పక్కలా గుర్తులు పెట్టి ఉంచితే, ఆ కత్తెర తయారయ్యే అవయవంలో మాత్రమే జన్యువు తెగిపోతుంది. కాలేయంలో పోతుంది, గుండెలో ఉంటుంది. కావాలంటే ఎలుక పెద్దయ్యాక ఒక మందిచ్చి అప్పుడు కత్తెర పనిచేసేలా కూడా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మాటలొద్దు. నలభై ఏళ్లుగా ఇన్ని ఎలుకల్ని చంపారు, వాటి వల్ల ఒక్క జబ్బుకైనా మందొచ్చిందా, సూటిగా చెప్పండి.

జవాబు: వచ్చింది. సూటిగా ఒక్కటి చెబుతాను, స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, పొట్టిగా ఎస్‌ఎంఏ. దీంట్లో వెన్నుపాములోని కండరాల్ని నడిపించే నరాల కణాలు చచ్చిపోతాయి, తీవ్రమైన రకమైతే పిల్లవాడు కూర్చోవడం కూడా నేర్చుకోడు, చికిత్స లేకపోతే రెండేళ్లు దాటడం కష్టం. ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు లేకపోవడమే కారణం. మనిషికి దాని పక్కనే ఎస్‌ఎంఎన్2 అని దాదాపు అచ్చు అలాంటి తమ్ముడు జన్యువుంది, కానీ ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల అది ప్రోటీన్ తయారీ చీటీలోంచి ఏడో ముక్కని ఎక్కువసార్లు వదిలేస్తుంది, అందుకని పనికొచ్చే ప్రోటీన్ కొంచెమే వస్తుంది.

ఎలుకకి ఈ తమ్ముడు లేడు, ఒక్కటే జన్యువు. అది తీసేస్తే పిండం మొదట్లోనే చచ్చిపోతుంది. 2000 సంవత్సరంలో ఇలా చేశారు: ఎలుక జన్యువుని తీసేసి, మనిషి ఎస్‌ఎంఎన్2ని పెట్టారు. ఒకటి రెండు కాపీలు పెడితే పిల్ల పుట్టింది, ఎస్‌ఎంఏతో పుట్టింది. ఎనిమిది కాపీలు పెడితే మామూలుగా పెరిగింది! కాబట్టి పోయిన అన్నని తిరిగి తేనక్కర్లేదు, ఉన్న తమ్ముడి చేతే ఎక్కువ పని చేయించుకుంటే చాలు. ఆ ఏడో ముక్కని వదలకుండా చేసే చిన్న డీఎన్‌ఏ లాంటి ముక్కని అడ్రియన్ క్రెయినర్ బృందం, వాళ్లతో కలిసిన కంపెనీ శాస్త్రవేత్తలు తయారుచేసి ఈ ఎలుకల్లోనే పరీక్షించారు. అదే న్యూసినెర్సెన్, వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షన్, 2016 డిసెంబరులో ఈ జబ్బుకి అనుమతి పొందిన మొదటి మందు. ఇంకో దారిలో, వైరస్ మీద ఎక్కించి మంచి జన్యువునే పంపే చికిత్స. రెండు వారాల్లో చనిపోవాల్సిన ఎస్‌ఎంఏ ఎలుక పిల్లలు పుట్టిన వెంటనే ఇది తీసుకుంటే 250 రోజులు దాటి బతికాయని 2010లో తేలింది. 2019లో అదీ పిల్లల చికిత్సగా వచ్చింది. పుట్టగానే గుర్తించి చికిత్స మొదలుపెడితే ఆ పిల్లల్లో చాలామంది ఈరోజు నడుస్తున్నారు.

ఇది ఎందుకు పనిచేసింది, అల్జీమర్స్‌లో ఎందుకు తడబడింది అంటే, ఎస్‌ఎంఏ ఒక్క జన్యువు లోపంతో వచ్చే జబ్బు, దాన్ని సరిచెయ్యడానికి గురి పెట్టాల్సిన మనిషి జన్యువే ఆ ఎలుకలో ఉంది, ఎలుకని అడిగిన ప్రశ్న కూడా చిన్నది: ఈ ప్రోటీన్ పెంచితే నరాలు బతుకుతాయా? అవునంది. డెబ్భై ఏళ్ల బతుకులో పేరుకున్న జబ్బు గురించి ఏడాది వయసు ఎలుకని అడిగితే అది మాత్రం ఏం చెబుతుంది పాపం.

ప్రశ్న: ఒక ల్యాబ్ పనిచేసింది అంటుంది, రెండేళ్లకి ఇంకో ల్యాబ్ లేదంటుంది. ఎవరు అబద్ధమాడుతున్నట్టు?

జవాబు: చాలాసార్లు ఎవరూ కాదు. నరాలు క్షీణించే ఏఎల్‌ఎస్ అనే జబ్బుకి 1994లో తయారైన ఎస్‌ఓడీ1 ఎలుక ఉంది. దాని ఆయుష్షు పెంచాయంటూ డజన్లకొద్దీ మందుల మీద పేపర్లు వచ్చాయి, మనుషుల్లో ఒక్కొక్కటీ బోల్తాపడింది. చివరికి ఏఎల్‌ఎస్ మీదే పనిచేసే ఒక సంస్థ కూర్చుని 70కి పైగా మందుల్ని 18,000 ఎలుకల మీద మళ్లీ పరీక్షించి 2008లో ఫలితం చెప్పింది: ఒక్కటీ నిలబడలేదు. తప్పులు చూస్తే చాలా మామూలువి. గుంపుకి పదో పన్నెండో ఎలుకలు, ఆడ ఎలుకలు మగవాటికన్నా కొంచెం ఎక్కువ బతుకుతాయన్నది పట్టించుకోకపోవడం, తోబుట్టువుల్ని రెండు గుంపుల్లోకీ సమానంగా పంచకపోవడం, వేరే కారణంతో చచ్చినదాన్ని కూడా లెక్కలో కలపడం, కొన్ని ఎలుకల్లో పెట్టిన జన్యువు కాపీలు తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవడం. కాపీలు తగ్గితే జబ్బే తగ్గుతుంది, మనం మందు గొప్పదనుకుంటాం.

ఇంకా విచిత్రాలున్నాయి. ల్యాబు గదిని మనకి హాయిగా 22 డిగ్రీల దగ్గర ఉంచుతాం, ఎలుకకి హాయి 30 దగ్గర, అంటే అది రోజంతా చలికి ఒళ్లు వేడిచేసుకోవడానికే తిన్నది ఖర్చుపెడుతుంది, అలాంటిదాని మీద ఊబకాయం పరిశోధన. గదిలో మగవాళ్ల వాసన ఉంటే ఎలుకల ఒత్తిడి పెరిగి నొప్పి తక్కువ చూపిస్తాయని 2014లో కెనడాలో ఒక బృందం చూపించింది. ఆ పేపర్ చదివినరోజు మా ల్యాబులో ఆడపిల్లలు మమ్మల్ని చూసి నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

నా సొంత ఘనకార్యం కూడా ఒప్పుకుంటాను. చెవి అంచు చిటికెడు కత్తిరించి, దాంట్లో డీఎన్‌ఏ చూసి ఏ ఎలుకలో మార్పుందో ఏది మామూలుదో తేల్చి, బోనుకి చీటీ తగిలించడం రోజువారీ పని. ఒకసారి రెండు బోనుల చీటీలు తారుమారు చేశాను. మూడు నెలలు మా ఫలితాలు అద్భుతంగా తలకిందులుగా వచ్చాయి, ఏదో కొత్త విషయం కనిపెట్టేశామని నేనూ మా గైడూ నిద్రపోలేదు. నాలుగో నెలలో అనుమానం వచ్చి మళ్లీ చెవులు చూస్తే సంగతి బయటపడింది. ఆయన నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ప్రశ్న: కోవిడ్ టీకాల్ని కూడా ఇలాంటి ఎలుకల మీదే చూశారా?

జవాబు: కొన్నిటిని. మొదట వచ్చిన కరోనా వైరస్ ఎలుక కణాల్లోకి సరిగ్గా దూరలేదు, తాళం మనిషిది, అంటే ఏసీఈ2 అనే ప్రోటీన్ మనిషిదే కావాలి. అదృష్టం కొద్దీ సార్స్ అనే పాత కరోనా జబ్బు కోసం అమెరికాలోని అయోవాలో 2007లోనే మనిషి ఏసీఈ2 పెట్టిన ఎలుకని తయారుచేశారు. సార్స్ పోయాక దాన్నెవరూ పెద్దగా అడగలేదు. 2020లో ఒక్కసారిగా ప్రపంచమంతా అడిగితే, పరిశోధనలకి ఎలుకల్ని సరఫరా చేసే జాక్సన్ ల్యాబొరేటరీ వాళ్లు గడ్డకట్టించి దాచిన వీర్యం నుంచి మళ్లీ ఆ ఎలుకల్ని పుట్టించారు. అయితే ఆ ఎలుకల మెదడుకి కూడా వైరస్ ఎక్కి చచ్చిపోయేవి, మనుషుల్లో చావులు ఎక్కువగా ఊపిరితిత్తుల వల్ల. మళ్లీ అదే సగం జబ్బు గోల.

ప్రశ్న: జీవుల్ని కావాలని జబ్బుతో పుట్టించడం మీకు పాపం అనిపించదా?

జవాబు: అనిపిస్తుంది. అనిపించనివాడు ఆ గదిలోకి వెళ్లకూడదని నా అభిప్రాయం. నియమాలున్నాయి, 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు చెప్పిన మూడు సూత్రాలే వాటికి పునాది: వేరే దారుంటే జంతువుని వాడొద్దు, వాడితే తక్కువ వాడు, బాధ తగ్గించు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే బోను తెరవకూడదు. ఏఎల్‌ఎస్ ఎలుకని చివరిదాకా బాధపడనివ్వరు, పక్కకి పడుకోబెడితే కొన్ని సెకన్లలో తిరగలేకపోయిందంటే ఇక ఆపేసి నొప్పి లేకుండా చంపేస్తారు. ఇవన్నీ చెప్పి చేతులు దులుపుకోవచ్చు గానీ, మామూలుగా బయటికి చెప్పని సంగతి ఒకటుంది. రెండు వేరువేరు జన్యువులు పూర్తిగా పోయిన ఎలుక కావాలనుకోండి, రెండిట్లోనూ ఒక్కో కాపీ పోయిన ఎలుకల్ని జతకట్టిస్తే మెండెల్ లెక్కన పదహారు పిల్లల్లో ఒకటే అలా పుడుతుంది. కొన్నిటిని పోల్చి చూడటానికి ఉంచుకుంటారు, మిగతావాటిలో ఎక్కువభాగం ఏ ప్రయోగానికీ ఉపయోగపడకుండానే చచ్చిపోతాయి. క్రిస్పర్ వల్ల, వీర్యం గడ్డకట్టించి దాచుకోవడం వల్ల ఇది కొంత తగ్గింది, పోలేదు. ఎస్‌ఎంఏ పిల్లల్ని తలుచుకుంటే నాకు సమాధానం దొరుకుతుంది, పది ఎలుకలతో అరకొర లెక్కలు వేసి రాసిన పేపర్ని చూస్తే దొరకదు. ఆ ఎలుకలు వృథాగా పోయినట్టే.

ప్రశ్న: ఎలుక మీద పేటెంట్ ఉంటుందట, నిజమేనా? ప్రాణానికి ఓనరెవరండీ?

జవాబు: నిజమే. త్వరగా క్యాన్సర్ వచ్చేలా మార్చిన ఆంకోమౌస్‌ మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 1988లో అమెరికా పేటెంట్ ఇచ్చింది, ఫిలిప్ లెడర్, తిమోతీ స్టివర్ట్ తయారుచేశారు. హక్కులు డ్యూపాంట్ కంపెనీ చేతికి వెళ్లాక, వాళ్లు పెట్టిన షరతులకి విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు మండిపడ్డారు. కెనడా సుప్రీంకోర్టు మాత్రం 2002లో ఎలుక లాంటి ఉన్నతశ్రేణి జీవి "తయారీ వస్తువు" కాదని తేల్చి పేటెంట్ ఇవ్వనంది, అదీ 5-4 తేడాతో, అంటే జడ్జీలకీ మీలాగే తలనొప్పి వచ్చిందన్నమాట.

ప్రశ్న: ఈ ఎలుకలు తప్పించుకుని బయటికొస్తే?

జవాబు: బోను, గది, తలుపు మీద తలుపు దాటాలి. దాటినా, తరతరాలుగా గిన్నెలో పెట్టింది తిని పెరిగిన, అందులోనూ జబ్బుతో పుట్టిన ఎలుక పిల్లి కంటబడితే ఎన్ని నిమిషాలు బతుకుతుందో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: గిన్నెలో పెంచే చిన్న చిన్న అవయవాలు, కంప్యూటర్లు వచ్చేశాయి కదా, ఇంకా ఎలుకలు అవసరమా?

జవాబు: కొన్నిటికి ఇప్పటికే అక్కర్లేదు. పైన సిస్టిక్ ఫైబ్రోసిస్ ఎలుక ఊపిరితిత్తుల విషయంలో పనికి రాలేదన్నాను చూడండి, ఆ జబ్బుకి 2012లో వచ్చిన ఐవకాఫ్టర్ అనే మందు గిన్నెలో పెంచిన కణాల్ని, ముఖ్యంగా రోగుల శ్వాసనాళాల నుంచి తీసిన కణాల్ని వాడి కనిపెట్టిందే. మందుని మనుషుల మీద ట్రయల్‌కి తీసుకెళ్లే ముందు జంతువుల మీద చూసి తీరాల్సిందే అన్న పాత నిబంధనని అమెరికా 2022 చివర్లో చట్టం మార్చి సడలించింది, వేరే పద్ధతుల రుజువులు కూడా చూపొచ్చు. కానీ గిన్నెలోని మెదడు ముక్కకి రక్తప్రసరణ లేదు, దానికి ఆకలి లేదు, నిద్ర లేదు, రోగనిరోధక కణాలు ఎక్కడో ఎముక మజ్జలో పుట్టి అక్కడి దాకా వచ్చే దారి లేదు, గర్భంలో ఉన్నప్పుడు జరిగిన ఒక చిన్న లోపం పెద్దయ్యాక ఎలా బయటపడుతుందో అది చూపించలేదు. అలాంటి ప్రశ్నలకి నా పాత సహోద్యోగులు ఇంకా తెల్లారకముందే లేచి బోనుల దగ్గరికి వెళ్తున్నారు, వాళ్లలో ఒకామె మొన్న ఫోన్ చేసి, రెండేళ్లుగా ఎదురుచూస్తున్న పిల్ల ఎట్టకేలకు పుట్టిందని చెప్పింది. అది ఏ జన్యువో అడిగితే మాత్రం పేపర్ వచ్చేదాకా చెప్పనంది.